బ్రోచర్ పక్కన పెట్టి ఓపీ గది చూడండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి దింపు పనికి వెళ్తాను. రెండేళ్ల కిందట చెట్టు మీంచి జారి పడి భుజం దెబ్బతింది. ఫిజియోథెరపీ చేయించుకున్నాకే చెయ్యి మళ్లీ పైకి లేచింది. అది దగ్గరుండి చూసిన మా అమ్మాయి, ఇంటర్ బైపీసీ అయ్యాక తానూ అదే చదువుతానంటోంది. చుట్టాలేమో ‘మాలిష్ పని’ అంటున్నారు. కాలేజీల బ్రోచర్లలో క్లినికల్ ట్రైనింగ్, రీసెర్చ్ అని రాశారు. అవి నిజంగా ఉంటాయా? మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు చుట్టాల సంగతి తేల్చేద్దామండీ. ఫిజియోథెరపీ డిగ్రీని బీపీటీ అంటారు. అందులో అనాటమీ, ఫిజియాలజీతో మొదలుపెట్టి వ్యాయామ చికిత్స, ఎలక్ట్రోథెరపీ అనే కరెంటు చికిత్స, ఆపైన ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల దాకా చదవాలి. పక్షవాతం వచ్చినవాళ్లని మళ్లీ నడిపించడం, ఐసీయూలో రోగికి ఛాతీలో పట్టేసిన కఫం వదిలించడం కూడా ఈ పనే. మాలిష్ అన్నవాళ్లకి మీ భుజం చూపించండి చాలు.

కోర్సు నాలుగేళ్లు, పైన ఇంటర్న్‌షిప్. పాత పద్ధతిలో అది ఆరు నెలలు, కొత్త జాతీయ సిలబస్‌లో ఏడాది. మీ అమ్మాయి బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో చేరేముందే అడగండి. కాలేజీకి విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఉందో లేదో యూనివర్సిటీ జాబితాలోనే చూసుకోండి, ఏజెంటు మాట మీద వద్దు.

ఇక అసలు విషయం. ఒకసారి ఒక విద్యార్థినితో కలిసి ఓ కాలేజీ చూడ్డానికి వెళ్లాను, పేరెందుకు లెండి. ఏసీ ల్యాబ్, వరసగా మెషిన్లు. ఒంటి లోపలి కండరాలకి వేడి అందించే డయాథెర్మీ మెషిన్‌కి కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ ఇంకా తియ్యలేదు. ఓపీ రిజిస్టర్ అడిగితే మూడు రోజులకి కలిపి నలుగురు రోగులు. అక్కడ పిల్లలు ఒకరి మోకాలు ఒకరు పట్టుకుని నేర్చుకోవాల్సిందే. అందుకే మీరు మామూలు రోజు పొద్దున్న పదింటికి, చెప్పకుండా వెళ్లండి. రోగులు ఎంతమంది ఉన్నారు, పిల్లల చేతులు రోగుల మీద ఉన్నాయా, సెల్‌ఫోన్ల మీద ఉన్నాయా చూడండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏ వార్డుల్లో అని ఫైనలియర్ పిల్లల్నే అడగండి. ఆసుపత్రి పెద్దదైతే భవనం పాతదైనా నాకు అభ్యంతరం లేదు.

రీసెర్చ్ అంటే మీరు కంగారుపడక్కర్లేదు. మీ చెయ్యి ఎంత లేస్తోందో మీ ఫిజియో ప్రొట్రాక్టర్ లాంటి దానితో కొలిచి ఉంటారు. దాన్ని గోనియోమీటర్ అంటారు. మొదటి రోజు 60 డిగ్రీలు లేచిన చెయ్యి ఆరు వారాలకి ఎంత లేచింది? వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకీ, దాంతోపాటు కరెంటు చికిత్స తీసుకున్నవాళ్లకీ తేడా ఉందా? ఇలా చాలామందిని కొలిచి లెక్క తేలిస్తే అదే రీసెర్చ్. డిగ్రీలో చిన్న ప్రాజెక్టు చేయిస్తారు. డిగ్రీ తర్వాత చేసే రెండేళ్ల పీజీ ఎంపీటీలో గైడు కింద, ఎథిక్స్ కమిటీ అనుమతితో థీసిస్ రాయాలి. కాలేజీలో కిందటేడు పిల్లల ప్రాజెక్టులు రెండు చూపించమనండి. రెండింట్లోనూ అంకెల పట్టికలు ఒకేలా ఉంటే కాపీ అని మీకే అర్థమవుతుంది. దింపు కార్మికుల భుజాలు, నడుముల మీద మీ అమ్మాయే ఎప్పుడైనా ఓ ప్రాజెక్టు చేస్తే, నాకు చదవాలని ఉంది.

ఇంకో మాట. కటక్ దగ్గర ఒలాట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది, స్వామి వివేకానంద పేరు మీద. బీపీటీతోపాటు కృత్రిమ కాళ్లు, చేతులు తయారుచేసే కోర్సూ అక్కడ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. రాజమండ్రిలో రైలెక్కితే కటక్ మన మెయిన్ లైన్ మీదే. ఒడియా రాదని టెన్షన్ పడకండి, రోగులతో రోజూ మాట్లాడుతుంటే అదే వచ్చేస్తుంది. ఈ ఏడాది నోటిఫికేషన్ వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు మాత్రం కట్టకండి.