వ్యాపార సలహా: రెండో అంగడికి ముందు చూడాల్సినవి

ప్రశ్న: తిరుపతిలో మాది ఫ్యాన్సీ అంగడి. లిప్‌స్టిక్కులు, క్రీములు, గాజులు, సవరాలు అన్నీ పెడతాం. వ్యాపారం బాగుంది. చిత్తూరులో రెండోది, తర్వాత మదనపల్లెలో మూడోది తెరవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చిత్తూరులో గది వెతికే ముందు, ఒక పది రోజులు మీ అంగడికి మీరు వెళ్లకండి. తిరిగొచ్చాక కంప్యూటరులో చూపించే స్టాకునూ అరల్లో ఉన్న స్టాకునూ పోల్చండి. సరిపోతే రెండో అంగడికి మీరు సిద్ధమే. సరిపోలేదంటే ఇప్పటిదాకా ఆ అంగడిని నడిపింది మీ కన్నేనన్నమాట. డెబ్బై కిలోమీటర్ల అవతల ఆ కన్ను ఉండదు.

తేడా వస్తే వెంటనే పనివాళ్లను అనుమానించకండి. చాలాసార్లు లెక్క తప్పేది వేరే చోట. టెస్టరుగా విప్పిన లిప్‌స్టిక్కును డ్యామేజీలో రాయరు. సబ్బు ఉచితమని వచ్చిన షాంపూలో ఆ సబ్బును విడిగా అమ్మేస్తారు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, తలనూనె, టాల్కం పౌడరు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. పాత సరుకుకూ కొత్త సరుకుకూ బార్‌కోడ్ ఒకటే, ఎమ్మార్పీలు రెండు. బిల్లింగులో రెండు ధరలూ ఎక్కించకపోతే డబ్బా మీద ఉన్నదానికంటే ఎక్కువ వసూలవుతుంది. అది తూనికలు కొలతల శాఖ కేసు. ఏడాదికోసారి స్టాకు లెక్కించే అలవాటు మాని రోజుకు ఇరవై రకాల చొప్పున లెక్కించండి. చిన్నవి, ఖరీదైనవి (లిప్‌స్టిక్కు, కాటుక, నెయిల్ పాలిష్) నెలకు రెండుసార్లు చుట్టి రావాలి.

ఇక డబ్బు లెక్క. ఎమ్మార్పీ 299 రూపాయల క్రీము మీకు పన్నుతో కలిపి 230కి వచ్చిందనుకోండి. 18 శాతం జీఎస్టీ తీసేస్తే అమ్మకం 253.39, కొనుగోలు 194.92. మిగిలేది 58.47. సేల్స్‌మన్ దీన్ని 30 శాతం లాభమంటాడు. అది కొన్న ధర మీద లెక్క. అద్దె కట్టేది అమ్మకంలోంచి కాబట్టి మీరు చూడాల్సింది అమ్మకం మీద లెక్క, అంటే 23 శాతమే. చిత్తూరులో అద్దె 45,000, ముగ్గురి జీతాలు 42,000, కరెంటు 9,000, మిగతా ఖర్చులు 14,000 అనుకుంటే నెలకు 1,10,000. సరుకంతా కలిపి సగటున 22 శాతం మిగిలితే, జీఎస్టీ తీసేసి నెలకు 5 లక్షలు అమ్మితేనే ఖర్చులు గట్టెక్కుతాయి. మీ కష్టానికి జీతం ఇందులో లేదు. రెండు నెలల సరుకు నింపడానికే పన్ను కాక 7.8 లక్షలు కావాలి. ఆ సొమ్మును తిరుపతి అంగడి డిస్ట్రిబ్యూటర్ల బాకీలోంచి లాగితే రెండూ ఒకేసారి ఎండిపోతాయి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

సరుకు తెప్పించడానికి ఒక సూత్రం పెట్టుకోండి. ఒక కాటుక ఎనిమిది వారాల్లో 40 అమ్ముడైతే వారానికి 5. డిస్ట్రిబ్యూటర్ బండి వారానికోసారి వస్తే వారం సరుకు, ఇంకో వారం నిలవ కలిపి 10. స్టాకు 10కి దిగగానే ఆర్డరు. దీన్ని షేడు షేడుకూ చేయాలి. ఫౌండేషనులో మధ్య షేడ్లు వెళ్లిపోయి రెండు చివరివీ మిగులుతాయి. అయినా సెట్టు మొత్తం తీసుకోమంటారు. వద్దని చెప్పండి, లేదా కదలని షేడ్లు వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాయించుకోండి. గడువు దగ్గరపడిన సరుకుకూ అంతే. గడువు దాటి పారేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపును) కూడా వెనక్కి కట్టాల్సి ఉంటుంది కాబట్టి నష్టం రెండు వైపులా.

ప్రశ్న: మాది చిత్తూరు. జీఎస్టీలో కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నాం. వేలూరు దగ్గరే కాబట్టి అక్కడ బ్రాంచి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పెట్టొచ్చు, కానీ చిత్తూరు నుంచి అక్కడికి సరుకు పంపాలంటే కాంపొజిషన్ వదులుకోవాలి. తమిళనాడులో విడిగా జీఎస్టీ నంబరు తీసుకోవాలి. మీ సొంత అంగడి నుంచి మీ సొంత అంగడికే సరుకు పంపినా రాష్ట్రం దాటితే అది అమ్మకంతో సమానం. ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య సరుకు మీద పడే జీఎస్టీ) ఇన్వాయిస్ రాయాలి. కాంపొజిషన్‌లో ఉన్నవారు వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు. తిరుపతిలో పెడితే ఈ బాధ లేదు. ఉన్న నంబరులోనే అదనపు వ్యాపార స్థలంగా చేర్చి, డెలివరీ చలానాతో సరుకు పంపుకోవచ్చు. ముందు అటు చూడమనే నా సలహా.

ప్రశ్న: పెద్ద చైన్లూ ఆన్‌లైన్ వాళ్లూ ఇచ్చే డిస్కౌంట్లకు తట్టుకోలేకపోతున్నాం. మేమూ పది శాతం తగ్గించాలా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: పైన చెప్పిన 22 శాతం మీకూ వస్తుందనుకుని చూడండి. 78కి కొని 100కి అమ్మేది 90కి అమ్మితే మిగిలేది 12. ఇదివరకు వంద సరుకులు అమ్మిన చోట 184 అమ్మితేగాని పాత లాభం రాదు. మీ వీధిలో అంతమంది కొత్త కొనుగోలుదారులు ఉన్నారా?

వాళ్లకు ఎలా గిట్టుబాటవుతుందో తెలిస్తే కంగారు తగ్గుతుంది. ఫల్గుణీ నాయర్ 2012లో మొదలుపెట్టిన నైకా ముందు ఆన్‌లైన్‌లో పెరిగి, తర్వాత అంగళ్లు తెరిచింది. 2021 నవంబరులో షేర్ మార్కెట్‌కు వచ్చింది. బ్రాండ్ల దగ్గర నేరుగా కొంటుంది, ప్రకటనలకు బ్రాండ్ల నుంచే డబ్బు తీసుకుంటుంది, సొంత పేరుతోనూ సరుకు అమ్ముతుంది. 2023లో రిలయన్స్ తెచ్చిన టీరా వెనక ఎంత పెట్టుబడి ఉందో చెప్పక్కర్లేదు. ఆ డిస్కౌంటు మీ గల్లాపెట్టెలోంచి రాదు.

వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది వేరే ఉంది. ఫ్రాన్సులో 1970లో మొదలైన సౌందర్య సాధనాల చైన్ సెఫోరా, కౌంటరు వెనక దాచిన సరుకును అరల్లోకి తెచ్చి ముట్టుకోనిచ్చింది. మన ఫ్యాన్సీ అంగళ్లలో ఇప్పటికీ అద్దాల వెనక పెట్టి 'ఏం కావాలమ్మా?' అంటారు. నాలుగు అడుగుల అర ఒకటి తెరిచి పెట్టండి. టెస్టర్లు, వాడి పారేసే బ్రష్షులు, టిష్యూలు, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఉంచండి. లిప్‌స్టిక్కును పెదవికి నేరుగా తాకనివ్వకండి. షేడు తేల్చుకోలేని మనిషికి దవడ మీద, పగటి వెలుతురులో ఫౌండేషను చూపించడం ఫోను వల్ల కాదు.

రెండో బలం ముహూర్తాలు. పారాణి, జడకుచ్చులు, సవరాలు, గాజులు ఎమ్మార్పీ పోల్చి చూసేవి కావు, లాభమూ ఎక్కువే. పంచాంగం చూసి ముహూర్తాలకు మూడు వారాల ముందు నింపండి. మూఢానికి, ఆషాఢానికి ముందు ఆర్డర్లు తగ్గించండి.

ప్రశ్న: ఎండాకాలం లిప్‌స్టిక్కుల మీద చెమట పడుతోంది. నకిలీవా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దాన్ని బట్టి నకిలీ అనలేం. మైనంలో కలిసి ఉన్న నూనె వేడికి పైకి ఉబికి బొట్లు కడుతుంది. పగలు ఏసీ, రాత్రి షట్టరు దించాక ఉక్క, ఈ ఎక్కువ తక్కువలే ముఖ్య కారణం. చల్లబడితే బొట్లు తరచూ లోపలికే ఇంకుతాయి. కానీ ఒకసారి కరిగి గడ్డకట్టినది ఇసుకలా గరుకవుతుంది, అది అమ్మకండి. పడమటి ఎండ తగిలే షోకేసులో ఖాళీ డబ్బాలు పెట్టి అసలు సరుకు లోపల ఉంచండి. షోకేసు దీపాలు ఎల్‌ఈడీకి మార్చండి. గరిష్ఠ, కనిష్ఠ వేడి రెండూ చూపించే థర్మామీటరు ఒకటి రాత్రంతా అరలో ఉంచితే సంగతి తెలిసిపోతుంది. ట్రాన్స్‌పోర్టు గోడౌనులో పార్సిల్‌ను మధ్యాహ్నం దాకా వదలకుండా పొద్దున్నే తెచ్చుకోండి.

ప్రశ్న: వారంలో తెల్లబరిచే క్రీము కావాలని అడుగుతున్నారు. పేరులేని డబ్బాల్లో తెచ్చిచ్చేవాళ్లు ఉన్నారు, లాభం కూడా బాగా వస్తుంది. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: పెట్టకండి. అలాంటి వాటిలో పాదరసం గానీ స్టెరాయిడ్ గానీ ఉండే ప్రమాదముంది. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ మొదట నిగారింపు ఇచ్చి, తర్వాత చర్మాన్ని పల్చబరుస్తుంది. ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని రాసి ఉంటే అవి డాక్టరు చీటీతో మందుల షాపులో అమ్మాల్సినవి, మన అరల్లో ఉండకూడదు. కొనే ముందు లేబుల్ చూడండి. తయారీదారు చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు, పదార్థాల జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు కూడా. ఏ ఒక్కటి లేకపోయినా, బిల్లు ఇవ్వకపోయినా ఆ డబ్బాను గడప లోపలికి రానివ్వకండి. ఇప్పటికే అలాంటి క్రీము వాడుతూ ముఖం మండుతోందని వచ్చిన ఆడపిల్లకు ఇంకో క్రీము అమ్మకుండా చర్మ వైద్యుల దగ్గరికి పంపండి. ఆ డబ్బాను వెంట తీసుకెళ్లమని చెప్పండి.