హాల్లోకి రానంటున్న రాకీ

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. మా లాబ్రడార్ రాకీకి ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి ఈ టైల్స్ మీదే పరుగులు పెట్టాడు. రెండు నెలల కిందట పనమ్మాయి తడిబట్ట పెడుతుంటే పరిగెత్తుకొచ్చి, కాళ్లు నాలుగూ నాలుగు వైపులా జారి పడ్డాడు. పక్కనున్న స్టీలు బకెట్ కూడా దభీమని పడింది. అప్పటి నుంచి హాల్లో అడుగు పెట్టడు. బెడ్‌రూంలో కార్పెట్ మీదే ఉంటాడు. కిందికి తీసుకెళ్లాలంటే మావారు గొలుసు పట్టుకుని ఈడుస్తారు. ఈమధ్య రెండుసార్లు ఆయన మీద గుర్రుమన్నాడు. ఒక్కోసారి గదిలోనే పోసేస్తున్నాడు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, తడి ఆరేదాకా ఆవిడ కూడా మంచం దిగరు. "దీన్ని చోడవరం పంపించెయ్యండి, పొలంలో పడుంటుంది" అంటున్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఆ మాట విన్నప్పటి నుంచి నాన్నమ్మతో మాట్లాడటం మానేసింది. రాకీది మొండితనమా? ఊరికి పంపడమే మంచిదంటారా?

జవాబు: మొండితనం కాదమ్మా. వాడు నిజంగా భయపడుతున్నాడు. పడ్డప్పటి నొప్పి, బకెట్ చప్పుడు, కాలి కింద జారిపోయిన నేల, మూడూ కలిసి వాడి మనసులో హాలు అంటేనే ప్రమాదం అన్నట్టు ముద్రపడిపోయాయి. కుక్కకి ఒక్క అనుభవం చాలు. ఆ తర్వాత జరిగేది ఇంకా ఇబ్బంది. భయపడ్డ కుక్క ఒళ్లు బిగబట్టి గోళ్లతో నేలని పట్టుకోవాలని చూస్తుంది. మట్టిలో గోళ్లు దిగుతాయి, టైల్స్ మీద దిగవు. అరికాలి మెత్తలు సరిగ్గా ఆనక ఇంకా జారుతుంది. జారిన ప్రతిసారీ వాడి భయం నిజమేనని వాడికి రుజువవుతోంది.

అయితే భయం ఒక్కటే అని ఇప్పుడే అనుకోవద్దు. ఆరేళ్లు ఇదే నేల మీద తిరిగిన కుక్క ఉన్నట్టుండి నడవనంటే ముందు నొప్పి కోసం వెతకాలి. లాబ్రడార్లలో తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు ఎక్కువ. పడ్డప్పుడు కండరం పట్టేసి ఉండొచ్చు. మన తీరంలో ఉక్కపోత వల్ల గోమార్ల బెడద ఎక్కువ, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్లు నొప్పెడతాయి. దానికి రక్తపరీక్ష చేస్తారు. చూపు తగ్గినా మెరిసే నేల మీద కుక్క తడబడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. పొద్దున్నే మీ దగ్గర్లోని అప్పూఘర్ వైపు బీచ్‌కి తీసుకెళ్లి, నీళ్ల అంచున గట్టిగా ఉండే ఇసుక మీద మామూలుగా నడిపించి ఫోన్లో వీడియో తీయండి. ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడిపోయేది కూడా తీయండి. ఆస్పత్రి టేబుల్ మీద భయంతో బిగుసుకుపోయిన కుక్కలో కనపడని కుంటడం ఆ వీడియోల్లో కనపడుతుంది. గోళ్లు, కాలివేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు అక్కడే కత్తిరించమనండి. వాడి బరువు ఎక్కువైందేమో కూడా అడగండి. ఇంకో మాట, అత్తగారి మోకాళ్ల మాత్రలు మాత్రం వాడికి వేయకండి. మనుషులు వాడే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తాయి.

ఇంట్లో ఒకటి చూసుకోండి. హాల్లో ఏదో ఒక మూలకి, ముఖ్యంగా ఫ్రిజ్ దగ్గరికో వాషింగ్ మెషీన్ దగ్గరికో వెళ్లడానికి మరీ ఎక్కువ భయపడుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. తడి నేల మీద కొద్దిపాటి కరెంటు లీకైనా చెప్పులేసుకున్న మనకి తెలియకపోవచ్చు. వాడివి ఒట్టి కాళ్లు. ఇది మనుషులకీ ప్రమాదమే కాబట్టి వాయిదా వేయొద్దు.

ఇక ఈడవడం. ఇది ఈరోజే ఆగాలి. వాడు గుర్రుమన్నది మీవారి మీద కోపంతో కాదు, "ఇంక నావల్ల కాదు" అని చెప్పడానికి వాడికున్న మాట అది. దానికి కొడితే ఆ మాట మానేసి ఈసారి నేరుగా కరుస్తాడు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కదా, ఆ పరిస్థితి రానివ్వొద్దు. వీలైతే మెడపట్టీ తీసి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి.

బెడ్‌రూం నుంచి వీధి తలుపు దాకా ఒక దారి పరవండి. ఖరీదైనవి అక్కర్లేదు. పాత యోగా మ్యాట్లు, అడుగున రబ్బరున్న డోర్ మ్యాట్లు చాలు. ఒకదానికొకటి ఆనించి వేయండి, మధ్యలో టైల్ కనపడకూడదు. చాపలు, దుప్పట్లు వద్దు, అవి కాలి కింద కదిలితే మళ్లీ మొదటికొస్తుంది. అత్తగారి కాలికి అంచు తగలకుండా చుట్టూ రెండువైపులా అంటుకునే టేపుతో అతికించండి. నేల తుడిచేటప్పుడు రాకీని గదిలో ఉంచి తలుపేసి, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరాకే బయటికి వదలండి. ఫినాయిల్ మానేసి ఒట్టి నీళ్లతో తుడవమనండి. సబ్బునీళ్ల జిడ్డు ఆరాక కూడా జారుతుంది, ఫినాయిల్ తడి కుక్క అరికాళ్లకి మంచిది కాదు.

దారి వేశాక వాణ్ణి పిలవకండి. మొదటి మ్యాట్ మీద ఉడికించిన చికెన్ ముక్కలు రెండు పెట్టి మీరు దూరంగా కూర్చోండి. రావాలో వద్దో వాడే తేల్చుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. కుక్క వెనక్కాళ్లు గుమ్మంలోనే ఉంచి, మెడ బారెడు సాచి ముక్క అందుకుంటుంది. "వచ్చేస్తున్నాడు" అని మనం ముక్కని ఇంకాస్త వెనక్కి లాగుతాం. అది మోసపోయినట్టు అవుతుంది, మర్నాడు అంత దూరం కూడా రాడు. మెడ సాచి తీసుకుంటే తీసుకోనివ్వండి. వెనక్కాళ్లు వాటంతటవే కదిలిన రోజే ముందడుగు. పెదాలు నాక్కోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడవడం, ఊరికే రొప్పడం కనపడితే ఆ పూటకి ఆపేయండి. రోజూ రెండుసార్లు, కొద్ది నిమిషాలు చాలు. భయపడినప్పుడు నిమిరితే భయపడటమే అలవాటవుతుందేమోనని కొందరంటారు. అలా ఏం కాదు. దగ్గరికొస్తే హాయిగా నిమరండి.

మ్యాట్ల మీద తోక ఊపుతూ తిరగడం మొదలయ్యాక రెండు మ్యాట్ల మధ్య బెత్తెడు ఎడం ఇవ్వండి. అది దాటడం మామూలయ్యాక ఇంకొంచెం. జంకితే మళ్లీ దగ్గరికి జరపండి, తప్పేం లేదు. కొన్ని వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. కీళ్ల నొప్పి అని తేలితే మ్యాట్లు ఎప్పటికీ ఉంచేయండి. ఇంటి అందం తగ్గుతుందని బెంగపడకండి. గదిలో పోసినందుకు మాత్రం తిట్టొద్దు. దారి దొరికితే అది దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు మీ ఇంటివాళ్ల సంగతి. మీవారిని తప్పుపట్టి మాట్లాడకండి. రోజూ కిందికి దింపే బరువు ఆయన మీదే పడుతోంది కదా, విసుగు సహజం. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పి, ఆ చికెన్ ముక్కలు పెట్టే పని ఆయనకే అప్పగించండి. రాకీకి ఇప్పుడు ఎక్కువ భయం ఆయన చెయ్యంటేనే. ఆ చెయ్యే తినిపించాలి.

అత్తగారిది కూడా కఠినత్వం అనుకోవద్దు. తడి ఆరేదాకా మంచం దిగరని మీరే రాశారు. ఆ నేలంటే ఇంట్లో రాకీ తర్వాత ఎక్కువ భయం ఆవిడకే. గుర్రుమనే కుక్క తన కాళ్లకి అడ్డం పడితే ఏమవుతుందోనని కూడా ఆవిడకి ఉంటుంది. ఆ భయాన్ని అడిగి తెలుసుకోండి. మ్యాట్లు వేసేటప్పుడు ఆవిడ మంచం నుంచి బాత్రూం దాకా కూడా ఒక వరస వేయించండి. అమ్మాయిని ఆ పనిలో పెట్టండి, నాన్నమ్మతో మాటలు కలవడానికి అంతకంటే మంచి వంక దొరకదు.

చోడవరం సంగతి. ఆరేళ్లు మనుషుల మధ్య, ఫ్లాట్లో పెరిగిన కుక్క పొలంలో గొలుసుకి కట్టేస్తే ఉండలేదు. ఈ భయం తగ్గదు, దాని మీద మిమ్మల్ని పోగొట్టుకున్న దిగులు చేరుతుంది. నన్నడిగితే పంపొద్దనే చెబుతాను. డాక్టరు చూసి, మ్యాట్ల మీద కొన్నాళ్లు ప్రయత్నించేదాకా ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని మీవారితో అనిపించండి. అది మీ అమ్మాయి చెవిన పడేలా, ఆమె ఇంట్లో ఉన్నప్పుడే అనిపించండి.