మొదటి సొంత బండిగా 2015 మోడల్ పది టైర్ల లారీ కొనొచ్చా?

అడిగింది ఇదీ: పదేళ్ల హెవీ డ్రైవింగ్ అనుభవం ఉంది, చేతిలో 5 లక్షలున్నాయి. 2015 మోడల్ పది టైర్ల లారీకి ఓనర్ 11 లక్షలు చెబుతున్నాడు. దాని మీద పాత ఫైనాన్స్ ఇంకా నడుస్తోంది. "స్టాంపు పేపర్ రాసుకుందాం, మిగతా కిస్తీలు మీరు కట్టుకోండి, లోను తీరాక పేరు మార్చుకుందాం" అంటున్నాడు.

బండి సంగతి తర్వాత, ఆ ఒప్పందం మాత్రం ఒప్పుకోకండి. కిస్తీలన్నీ మీరే కట్టినా ఆర్సీ, లోను ఆయన పేరు మీదే ఉంటాయి. ఆయనకు అదే కంపెనీలో ఇంకో బండి బాకీ ఉన్నా, ఎవరికైనా ష్యూరిటీ పడి అది మొండిబాకీ అయినా, మీ బండికి ఎన్ఓసీ (బాకీ లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కాగితం) ఆపేస్తారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ మీ పేరు మీద లేదు కాబట్టి రిపేరు డబ్బు మీకు రాదు. సరైన దారి ఒక్కటే. ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను ఇప్పుడే మూసేయాలంటే ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం) తెప్పించండి, అందులో ఉన్న మొత్తం ఓనర్ చేతికి ఇవ్వకుండా నేరుగా లోను ఖాతాకే కట్టండి, ఎన్ఓసీతో పాటు ఆర్సీలో లోను కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోవాలి. మీ కొత్త లోనుకు ఫారం 34. బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 కూడా.

ఇక వయసు. రాష్ట్రం దాటి సరుకు మోయడానికి కావాల్సిన నేషనల్ పర్మిట్ రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల బండికి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్‌కు 15 ఏళ్లు నిండేవరకే. మీరు చూస్తున్నది మూడు యాక్సిళ్లది, అంటే మల్టీ యాక్సిల్ కాబట్టి 2030 వరకు ఉంటుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లినా ఇప్పుడు రాష్ట్రం దాటినట్టే. పర్మిట్ పోయాక ఇసుక, కంకర, ధాన్యం లాంటి లోకల్ లోడ్లే మిగులుతాయి, అమ్మకం రేటూ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే లోను గడువు పర్మిట్ గడువుకంటే కనీసం ఏడాది ముందే ముగియాలి.

ఆర్సీలో జీవీడబ్ల్యూ (బండి, సరుకు కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు) తప్పకుండా చూడండి. కొత్తగా సొంత బండి కొనేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడ్ పెంచడంతో పది టైర్ల బండి పరిమితి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. పాత బండికి ఆర్సీలో ఎంత రాసి ఉంటే అదే లెక్క. 25 టన్నుల ఆర్సీ, ఖాళీ బరువు 9 టన్నులు అనుకుంటే మీకు 16 టన్నుల లోడే. కొత్త బండి వాడు 19 దాకా ఎత్తుతాడు. కిరాయి టన్నుకింత అని ఇస్తారు, టోలు మాత్రం ఇద్దరికీ ఒకటే, డీజిల్‌లోనూ పెద్ద తేడా ఉండదు. ఆ తేడా పూడ్చుకోవడానికి 3 టన్నులు ఎక్కువ వేస్తే జరిమానా 20,000, టన్నుకు 2,000 చొప్పున మరో 6,000, పైగా ఎక్కువైన సరుకు మీ ఖర్చుతో దింపించాలి. బేరంలో ఈ 25 టన్నుల మాట ఎత్తి ధర తగ్గించమనండి.

బండిని తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద ఆయిల్ తెట్టు ఉందేమో చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు లోపలికి వెళ్తున్నాయన్నమాట. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ దబదబా కొడితే బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చింది. సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌నో లైనర్‌నో అనుమానించాలి. ఆయిల్ కొత్తగా నిగనిగలాడుతుంటే సంతోషించకండి. చిక్కటి ఆయిల్ పోసి పొగ దాచడం పాత ఎత్తు.

ఖాళీ బండి నడిపి చూస్తే ఏమీ తెలియదు. లోడుతో 25, 30 కిలోమీటర్లు నడపండి. ఎత్తులో క్లచ్ జారుతోందా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు దానంతటదే బయటికి వస్తోందా, వెనక యాక్సిల్‌లోని క్రౌన్ గేరు ఊళ పెడుతోందా గమనించండి. ఆపగానే ఆరు హబ్బులూ చేత్తో తాకండి. ఒక్కటే ఎక్కువ కాలుతుంటే అక్కడ బేరింగో బ్రేకు పట్టేయడమో ఉంటుంది. బ్రేకుల ఎయిర్ పూర్తిగా ఎక్కాక ఇంజన్ ఆపి పది నిమిషాలు గేజి చూస్తే లీకులూ తెలిసిపోతాయి.

ఇంజన్ పాడైతే ఆటోనగర్‌లో బాగు చేయించుకోవచ్చు. ఛాసీస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) విరిగితే ఆ బండి జన్మంతా మిమ్మల్ని తినేస్తుంది. వెనక కమాన్ కట్టల (బరువు మోసే స్ప్రింగ్ పట్టీల) బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ రివెట్ల దగ్గర తుడిచి టార్చిలైటుతో వెతకండి. సన్నటి పగులు, వెల్డింగ్ మచ్చ, ఒక్కచోటే మందంగా కొట్టిన నల్ల రంగు, ఇవన్నీ గుర్తులు. కట్టల్లో అదనపు పట్టీలు వేసి ఉంటే ఆ బండి బాగా ఓవర్‌లోడు మోసింది. ఇంకొకరిని నడపమని మీరు వెనక నుంచి చూడండి. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో కాకుండా పక్కకి ఒరిగి పీతలా నడుస్తుంటే, ఛాసీస్ వంగి ఉండొచ్చు, యాక్సిల్ పక్కకు జరిగి ఉండొచ్చు. కారణం తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. ముందు యాక్సిల్ జాకీ మీద లేపి టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఉండే పిన్ను) ఆట తెలుస్తుంది.

టైర్ల పక్క మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. ముందు రెండూ రీబటన్ (పాత టైరుకే మళ్లీ కొత్త పట్టా వేసినవి) అయితే వెంటనే మార్చాలి. కొత్త రేడియల్ ఒక్కోటి 20 వేలు దాటుతుంది కాబట్టి స్టెప్నీతో కలిపి అరిగినవి ఎన్నో లెక్కేసి ధరలో తీసేయండి.

డబ్బు విషయానికొస్తే 5 లక్షలూ మార్జిన్‌కే (లోను పోగా చేతి నుంచి కట్టే వాటాకే) పెట్టేయకండి, కనీసం 2 లక్షలు పక్కన ఉండాలి. పేరు మారాక ఇన్సూరెన్స్‌లో పాత ఓనర్‌కు ఉన్న నో క్లెయిమ్ బోనస్ తగ్గింపు మీకు రాదు. థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 రేట్ల ప్రకారం 43,950, జీఎస్టీ వేరే. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500, దాని ఆథరైజేషన్‌కు 1,000, మూడు నెలలకోసారి రోడ్ ట్యాక్స్. బండి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బ్యాలెన్సు కిరాయి రావడానికి వారాలు పట్టొచ్చు, ఈలోగా డీజిల్, బత్తా మీ జేబులోంచే. వడ్డీ "9 శాతం ఫ్లాట్" అన్నారంటే తక్కువనుకోకండి, మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ లెక్కేస్తారు. 6 లక్షలకు 36 నెలలు నెలకు 21,167 కట్టాలి. తరిగే అసలు మీద చూస్తే అది 16 శాతం పైమాటే.

చివరిగా, ఆర్సీ నంబరుతో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ట్యాక్స్, ఫిట్‌నెస్, బ్లాక్‌లిస్టు చూసి, ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల పోలీసు చలానాలు విడిగా వెతకండి. ఛాసీస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ ప్రింటు ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. పాత ఫాస్టాగ్ ఓనర్ చేతే మూయించండి. ఇన్సూరెన్స్ మార్పుకు గడువు 14 రోజులే. బండి తీసుకునేటప్పుడు డెలివరీ నోట్ రాయించుకోండి, తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఉండాలి. ఆ రోజు పొద్దున పడిన చలానా ఎవరిదో తేల్చేది ఆ నిమిషమే.