తాగి బండి నడిపిన కేసు ఎన్నేళ్ల వరకు రాయాలి?

చిరంజీవి నాగేంద్రకు, కడప నుంచి చిన్నాయన ఆశీస్సులు.

తాగి బండి నడిపిన కేసు ఏడేళ్లు దాటింటే ఉద్యోగం ఫారంలో రాయాల్సిన పన్లేదంట కదా అని అడిగినావు. ఆ ఏడేళ్ల లెక్క అమెరికాది అబ్బీ. అక్కడ కూడా అది అరెస్టుల్లాంటి వాటికే. శిక్ష పడిన కేసుకు వాళ్ల కేంద్ర చట్టంలో గడువే లేదు. లైసెన్సు మీద నేరం ఎక్కితే ఐదేళ్లు అనేది ఇంగ్లండు మాట. మన దగ్గర పద్దెనిమిది నిండినోడి నేరం ఇన్నేళ్లకు మాసిపోతుందనే చట్టం ఏదీ లేదు. ఫారం ఎంతవరకు అడిగితే అంతే గడువు. ‘గత ఐదేళ్లలో’ అంటే ఐదేళ్లు, ‘ఎప్పుడైనా’ అంటే ఎప్పుడైనా.

జైలుకు పోలేదు కాబట్టి శిక్ష కాదనుకుంటున్నావేమో, అందరూ బోల్తా పడేది అక్కడే. హెల్మెట్ లేదని పడిన ఈ-చలానా ఫోన్లోనే కట్టేస్తే అది రాజీ రుసుము, నేరం రుజువైనట్టు కాదు. చలానా కట్టకుండా వదిలేసి అది కోర్టుకు పోయి, అక్కడ ఒప్పుకొని కడితే మాత్రం నేరం రుజువైనట్టే లెక్క. తాగి నడపడం, అంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్, రోడ్డు మీద తెగేది కాదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మెజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారికి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకొని ఆ పదివేలు కట్టి బయటికొచ్చినా కోర్టు రికార్డులో నువ్వు దోషివే.

ప్రభుత్వ కొలువు అటెస్టేషన్ ఫారంలో (పూర్వాపరాలు విచారించేందుకు నింపించుకునే పత్రం) అరెస్టయ్యావా, ప్రాసిక్యూట్ చేశారా, జరిమానా పడిందా, శిక్ష పడిందా, కేసు నడుస్తోందా అని విడివిడిగా అడుగుతారు. ఒక్కోదాన్ని వేలు పెట్టి చదువు. జరిమానా గడి దగ్గర ‘లేదు’ అని కొట్టినావంటే, కేసు కంటే ఆ అబద్ధమే మెడకు చుట్టుకుంటుంది. ఉద్యోగం ఫారంలో కేసులు దాచిన విషయం మీద 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే వరస: స్పష్టంగా అడిగినదే చెప్పాలి, దాచింది చిన్న నేరమైతే అధికారి క్షమించొచ్చు. క్షమించి తీరాలని మాత్రం చెప్పలేదు. ఉన్నదున్నట్టు రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. అయినా రాయడమే మేలు, విచారణకొచ్చే స్పెషల్ బ్రాంచి పోలీసులు స్టేషన్ రికార్డు ఎట్లాగూ తిరగేస్తారు.

రాసేటప్పుడు సంజాయిషీలు వద్దు. ఇట్లా రాయి (ఎస్.టి.సి. అంటే సమ్మరీ ట్రయల్ కేసు): ‘ఫలానా తేదీ, ఫలానా స్టేషన్, సెక్షన్ 185, ఫలానా మెజిస్ట్రేట్ కోర్టు, ఎస్.టి.సి. నంబరు ఇంత, జరిమానా రూ.10,000, ఫలానా తేదీన చెల్లించాను, తీర్పు నకలు జతచేశాను.’ ఆ నకలుకు ఇప్పుడే అర్జీ పెట్టు. కేసు నంబరు మరిచిపోయింటే ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో వెతుకు. కోర్టుకు పోకుండా ఎగ్గొట్టిన వాయిదా ఏదైనా ఉందేమో కూడా అందులోనే తేలుతుంది. ఉంటే వారెంటు పడకముందే వకీలును పట్టుకో, పెండింగు కేసు పాత జరిమానా కంటే పెద్ద తంటా. పాస్‌పోర్టుకు కూడా అంతే: తెగిపోయిన పదివేల జరిమానా అడ్డం రాదు, నడిచే కేసుంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

ప్రైవేటు కంపెనీలో చేరితే వాళ్ల ఏజెన్సీ పేరు, తండ్రి పేరు పెట్టి కోర్టు రికార్డులు వెతుకుతుంది. మన పక్క ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఊరికి నలుగురు. ఎవడిదో కేసు నీ ఖాతాలో పడొచ్చు. అప్పుడు ఆ కేసు నంబరు అడిగి తీసుకొని, అందులోని వయసు, చిరునామా నీవి కావని రాతపూర్వకంగా చూపించు.

పద్దెనిమిది నిండకముందు పడిన కేసైతే ఈ లెక్కలేవీ వర్తించవు, దానికి బాలల చట్టం వేరే ఉంది. నీకు కేసు పడినప్పుడు వయసెంతో రాయలేదు. ఫారం జిరాక్సుతో పాటు అది కూడా పంపు, సంతకం మాత్రం అంతవరకు పెట్టొద్దు.

మీ చిన్నాయన