శ్రమల దినాల ఉపవాసం గురించి మా తమ్ముడి కొడుక్కి

నాన్నా, ప్రభువు నామంలో నీకూ కోడలికీ పిల్లలకూ శుభాలు.

నీ మెసేజ్ చదివాను. ఈ శ్రమల దినాల్లో, అంటే క్రీస్తు శ్రమల్ని తలుచుకుంటూ భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, పగలు మంచినీళ్లు కూడా ముట్టనని, తెల్లవారుజామున నాలుగింటికి లేస్తానని, ఆదికాండం నుంచి ప్రకటన వరకు బైబిలంతా ముగిస్తానని, ఫోన్లో వీడియోలు మానేస్తానని మొక్కుకున్నట్టు రాశావు. పట్టుదల మంచిదే. కానీ నిన్న కోడలు ఇంకో సంగతి చెప్పింది. సాయంత్రం నువ్వొచ్చే వేళకి పిల్లలు టీవీ కట్టేసి లోపలి గదిలోకి పోతున్నారట, ఉపవాసంలో నాన్నకి కోపం ఎక్కువని. చాడీ అనుకోకు, నేను గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పింది.

బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం ఒకసారి తీసి చదువు. అక్కడి జనమూ ఉపవాసం ఉన్నారు, దేవుడు చూడడేమని నిలదీశారు కూడా. మీరు ఉపవాసం ఉంటూనే కలహపడుతున్నారు, పనివాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించుకుంటున్నారు అని జవాబు వచ్చింది. అందుకే నా మాట ఒక్కటే: ఈ శ్రమల దినాల్లో ముందు నోటికి ఉపవాసం పెట్టు. కడుపు సంగతి తర్వాత.

ఎలాగంటావా? మీ నాన్నమ్మ అక్షరం ముక్క చదువుకోలేదు. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక అందులోంచి పిడికెడు తీసి గూట్లో ముంతలో పోసేది. పోస్తూ ఇంట్లో ఒకరి పేరెత్తి రెండు మాటలు ప్రార్థన చేసేది. ఆదివారం ఆ ముంత గుడికి వెళ్లేది. బియ్యం నిండుకున్న రోజుల్లో పిడికెడు కాస్తా చిటికెడయ్యేదేమో గానీ మానడం మాత్రం నేను చూడలేదు. ఆ ప్రార్థన ఎసరుకి ముడిపడింది కాబట్టే తప్పిపోలేదు. నీకూ అలాంటి ముడి ఒకటి కావాలి. ఆఫీసు నుంచి వచ్చి, కాలింగ్ బెల్ నొక్కేముందు చెప్పులు విప్పుతూ 141వ కీర్తన మూడో వచనం చెప్పుకో. నా నోటికి కావలి ఉంచమని దావీదు అడిగింది అదే. తలుపు తీసినవాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు మాట్లాడకు. ఇంతేనా అనిపిస్తుంది. వారం రోజులు చేసి చూడు, పస్తుండటమే తేలికని నువ్వే అంటావు.

ఇక తిండి విషయం. నీకు షుగర్ మాత్రలు నడుస్తున్నాయి. డాక్టరునడక్కుండా పగలంతా నీళ్లు కూడా లేకుండా ఉండటం భక్తి కిందికి రాదు. దానియేలూ అతని స్నేహితులూ పది రోజులు రాజు భోజనం మానుకున్నారు గానీ శాకధాన్యాలు తిన్నారు, నీళ్లు తాగారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. ఆదివారాలు ఆరు తీసేస్తేనే 40. కాబట్టి ఆదివారం హాయిగా తిను. డాక్టరు సరేనంటే బుధ, శుక్రవారాలు ఒక్కో పూట మానెయ్యి. ఆ పూట భోజనం డబ్బులు విడిగా తీసి ఆకలిగా ఉన్నవాళ్లకి ఇవ్వు, యెషయా అదే అధ్యాయంలో చెప్పింది అది. ఉపవాసం విడిచేటప్పుడు బిరియానీ మీద పడకు, మజ్జిగన్నం చాలు. ఇంకోటి, ‘ఉపవాస ప్రార్థన, పన్నెండో దినం’ అని వాట్సాప్ స్టేటస్ పెడుతున్నావు. ఉపవాసం మనుషులకి కనబడకుండా తల అంటుకుని ముఖం కడుక్కోమని ప్రభువు చెప్పాడు, మత్తయి ఆరులో చూసుకో.

రాత్రి పన్నెండు దాకా అమెరికా కాల్స్ ఉన్నవాడివి నాలుగింటికి ఎలా లేస్తావు? లేచినా మోకాళ్ల మీదే నిద్రపోతావు. ఏడింటికి లేచి పావుగంట కూర్చో చాలు. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి, 40 రోజుల్లో అంటే రోజుకి ముప్పై దాకా. అది పరుగవుతుంది గానీ ధ్యానం కాదు. మార్కు సువార్త 16 అధ్యాయాలే, మెల్లగా రెండుసార్లు చదువు.

ఫోన్ సంగతి నువ్వు పైపైన రాశావు గానీ నాకర్థమైంది. రాత్రి ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టి, గదిలోకి ఒట్టి చేతులతో వెళ్లు. పోతీఫరు ఇంట్లో యజమాని భార్య తప్పుడు పనికి బట్ట పట్టి లాగినప్పుడు యోసేపు నిలబడి ప్రార్థన చేసుకోలేదు, పైబట్ట వదిలేసి బయటికి పరుగెత్తాడు. అలాంటి చోట మనసుతో వాదన పెట్టుకున్నవాడు ఓడిపోతాడు.

మధ్యలో తప్పుతావు. తప్పిన రోజునే, ఆ పూటే మళ్లీ మొదలుపెట్టు, సోమవారం దాకా వాయిదా వెయ్యకు. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతల్లో ఉంది. ఆశానిగ్రహం ఆత్మ ఫలమని పౌలు రాశాడు కాబట్టి పట్టుదల అయిపోయిన చోట సిగ్గుపడకుండా అడుగు, ఇచ్చేవాడు ఆయనే. మొక్కుబడి అన్నావు గనక మీ సంఘం పాస్టరు అయ్యగారికి కూడా ఓసారి చెప్పి, మోయగలిగినంతకి తగ్గించుకో.

ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారానికి వస్తామన్నారు కదా, టికెట్లు ఇప్పుడే చేయించు. ఆ వారం బస్సుల్లో సీట్లు దొరకవు.

మీ పెదనాన్న