మన గురించి ఆన్‌లైన్ కంపెనీల దగ్గర ఎంత సమాచారం ఉంటుంది?

మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువే. 2011లో ఆస్ట్రియాకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థి మాక్స్ ష్రెమ్స్ తన సమాచారమంతా ఇమ్మని ఐరోపా చట్టం ప్రకారం ఫేస్‌బుక్‌ను అడిగాడు. 1,200కు పైగా పేజీలు వచ్చాయి. అతను ఎప్పుడో తొలగించిన సందేశాలు కూడా అందులో ఉన్నాయి! మనం చెరిపేశామని నిశ్చింతగా ఉంటే అక్కడ భద్రంగా ఉండడం నిజంగా అన్యాయం.

మనం రాయనివీ చేరతాయి. ఏ ఫోను నుంచి, ఏ వేళకు లాగిన్ అయ్యామో, ఫేస్‌బుక్‌తో ముడిపడిన ఇతర వెబ్‌సైట్లలో ఏమి చూశామో తెలుస్తుంది. స్నేహితులు తమ కాంటాక్టులు అప్‌లోడ్ చేస్తే, ఖాతా లేనివారి నంబర్లు సైతం వెళ్లిపోతాయి. వారి అనుమతి ఎవరడిగారు?

మీ వివరాలను మీరే దించుకుని చూడవచ్చు. ఫేస్‌బుక్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఆ సదుపాయం ఉంది, గూగుల్‌లో దాని పేరు టేకౌట్. ముందుగా ప్రకటనలకు సంబంధించిన ఫైళ్లు తెరవండి.