ఆమెకు లెక్క బాగానే అర్థమైంది

ప్రశ్న: నేను గణితం బోధిస్తాను. పెళ్లిరోజున నా భార్యకు ఒక కవిత రాసి ఇచ్చాను. ‘మనం సమాంతర రేఖలం’ అని మొదలుపెట్టాను. ఎంత దూరమైనా పక్కపక్కనే నడుస్తామని నా భావం. ‘అంటే ఎప్పటికీ కలవమనేగా?’ అని ఆమె నొచ్చుకుంది. రెండు పేజీల వివరణ రాసి ఇచ్చాను. నాలుగు రోజులుగా ముభావంగా ఉంది. ప్రేమను నాకు తెలిసిన భాషలో చెప్పడం తప్పా?

జవాబు: తప్పు కాదు. అయితే ఆమెకు లెక్క అర్థం కాలేదని మీరు అనుకుంటున్నట్టున్నారు. బాగానే అర్థమైంది. సమాంతర రేఖలను ఎంత పొడిగించినా కలవవని బడిలో నేర్పేది మీరే కదా! వాటి మధ్య దూరం మారదని మీరు మురిసిపోయారు. ఆమెకు ఆ దూరమే కనిపించింది. నన్నడిగితే, కవిత కన్నా ఆ రెండు పేజీలే ఎక్కువ బాధపెట్టి ఉంటాయి. అలిగిన మనిషి చేతిలో నిరూపణ పెడితే, తప్పులు దిద్దిన జవాబు పత్రం ఇచ్చినట్టే ఉంటుంది.

ముందు వెళ్లి, ‘చదివినప్పుడు నీకేమనిపించింది?’ అని అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా రేఖల ఊసెత్తకండి.

తర్వాత మళ్లీ రాయండి. లెక్కలకూ వలపుకూ పొత్తు పాతదే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’లో ఒక లెక్కను ‘మృగాక్షీ, కాంతా’ అని పిలుస్తూ అడుగుతాడు. తుమ్మెదల గుంపులో ఐదోవంతు ఒక పూవుకు, మూడోవంతు మరో పూవుకు, ఆ రెంటి తేడాకు మూడింతలు ఇంకో పూవుకు వెళ్లాయి. మిగిలిన ఒక్క తుమ్మెద మొగలి, మాలతి పరిమళాలు రెండూ ఒకేసారి పిలిస్తే ఎటూ తేల్చుకోలేక గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? పదిహేను. జవాబు మరిచిపోయినవారికి కూడా ఆ ఒంటరి తుమ్మెద గుర్తుంటుంది. దాని అవస్థను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మీకు అలాంటి సరుకు కావాలంటే 220, 284 ఉన్నాయి. 220ని వదిలి దాని మిగతా కారణాంకాలన్నీ కూడితే 284 వస్తుంది. 284కు అలాగే చేస్తే 220. మిత్ర సంఖ్యలంటారు. ఒకదాన్ని విప్పితే లోపల రెండోది ఉంటుంది! దీని పక్కన మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒక్కటి చేర్చండి, చాలు. స్పర్శరేఖ జోలికి మాత్రం పోకండి. అది వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి తన దారిన తాను పోతుంది. ఆ కవిత ఇచ్చారంటే ఈసారి మౌనం ఎనిమిది రోజులు.